చిన్నోడు పని మానేస్తాడట

మా ఇంట్లో "చిన్నోడా!" అని ఒక్క కేక వేస్తే నలుగురు మగాళ్ళు తలెత్తుతారు. వాళ్ళలో మొదటి చిన్నోడికి ఎనభై ఐదేళ్ళు.

లెక్క సులువే. ముందు గదిలో కిటికీ పక్క మంచం మీద తాతమ్మ ఉంటుంది. ఆవిడకి నూట రెండు. నిజానికి ఆవిడ మా ముత్తాతకి అమ్మ. ముత్తాత దాకా భాష మనకి సాయం చేస్తుంది, ఆ పై మెట్టు మీదున్నవాళ్ళని ఏమని పిలవాలో చెప్పకుండా జారుకుంటుంది. అంతకాలం ఎవరుంటార్లే అనుకుని ఉంటారు మాటలు కనిపెట్టినవాళ్ళు. మా తాతమ్మ సంగతి వాళ్ళకి తెలియదు. ఆవిడ "చిన్నోడా" అంటే ముత్తాత. ముత్తాత "చిన్నోడా" అంటే మా తాత, అరవై ఆరేళ్ళు. తాత అంటే మా నాన్న. నాన్న అంటే నేను. ఎవరు పిలిచారో గొంతును బట్టి పోల్చుకోవాలి. అందరికీ ఒకేసారి జలుబు చేసిందంటే ఇల్లు గందరగోళం.

తాతమ్మతో మాట్లాడేటప్పుడు ఇంకో చిక్కు. ఓసారి చిన్నప్పుడు నేను వెళ్ళి "తాతమ్మా, తాత వచ్చాడు" అన్నాను. ఆవిడ గాభరాగా జుట్టు సర్దుకుని, మంచం దిగబోయింది. ఆవిడకి తాత అంటే ఆవిడ తాతే. ఆయన పోయి తొంభై ఏళ్ళు కావస్తోంది, అయినా ఆవిడకి ఇంకా హడలే. అప్పట్నుంచి ఆవిడ దగ్గర ఆ మాట ఎత్తం. ఆవిడ లెక్కలో ముత్తాత "చిన్నోడు", తాత "చిన్నోడి కొడుకు", నాన్న "చిన్నోడి మనవడు". నేను "ఆ కోతి". నా దాకా వచ్చేసరికి ఆవిడకి ఓపిక అయిపోయింది.

నేను చెప్పబోయేది తాత గురించి.

తాత లిఫ్టు మెకానిక్. నలభై నాలుగేళ్ళుగా అదే పని. హాయిగా లిఫ్టుల్లో పైకీ కిందకీ తిరుగుతుంటాడని అందరూ అనుకుంటారు. లిఫ్టు బాగుంటే మెకానిక్‌ని ఎవరు పిలుస్తారు? పాడైతేనే పిలుస్తారు. పాడైనదాన్ని ఎక్కలేడు. మోటారేమో మేడ నెత్తి మీద గదిలో ఉంటుంది. కాబట్టి అందరికంటే ఎక్కువ మెట్లెక్కే మనిషి లిఫ్టు మెకానికే. ఆ మెట్లు తాత మోకాళ్ళలోకి దిగిపోయాయి. ఆయన వంగితే పక్క గదిలోకి వినిపిస్తుంది.

అలాంటి మోకాళ్ళున్న మనిషి ఇంటికొచ్చి కూర్చోవాలా వద్దా? కూర్చోడు. మా ముందు గదిలో చేతుల కుర్చీ ఒక్కటే, అది ముత్తాతది. రెండు స్టూళ్ళున్నాయి కానీ, తండ్రి గదిలో ఉండగా కూర్చోవడం తాతకి చేతకాదు. ఎవరూ కూర్చోవద్దనలేదు. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. ముత్తాతేమో పొద్దున్నించి సాయంత్రం దాకా ముందు గదిలోనే కుట్టుమిషన్ తొక్కుతుంటాడు. వీధిలోవాళ్ళ ప్యాంట్లు కురచ చేస్తాడు, జిప్పులు మారుస్తాడు, గుండీలు కుడతాడు. అందుకని తాత ఫ్రిజ్‌కి ఆనుకుని తింటాడు, నడుస్తూ పేపరు చదువుతాడు, కిటికీ దాకా వెళ్ళి వెనక్కొస్తాడు. వంటింటి గడప దగ్గర ఆగి, ఏదో మర్చిపోయినట్టు చూసి, మళ్ళీ కిటికీకి వెళ్తాడు. "ఒక చోట ఉండవయ్యా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంటుంది నానమ్మ. ఆయన కాస్త ఆగుతాడు. అప్పుడు మడమ నేల మీద కొట్టుకోవడం మొదలుపెడుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో ఎవరూ అవుననీ కాదనీ అనరు. "అడిగి చెప్తా" అంటారు. నాన్న స్కూటర్ కొనుక్కుంటానని తాతని అడిగాడు. తాత ముత్తాతని అడిగాడు. ముత్తాత తాతమ్మని అడిగాడు. తాతమ్మ వారం ఆలోచించి సరేనంది. ఆ సరే మెట్టు మెట్టుగా కిందకి దిగొచ్చేసరికి ఆ స్కూటర్ తయారు చేయడమే ఆపేశారు.

నేను మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో పని చేస్తాను. ఆ మంగళవారం ఒక లిఫ్టు తలుపు మోటారు తీగ చుట్టి తిరిగిచ్చేందుకు తాత పని చేస్తున్న మేడకి వెళ్ళాను. పన్నెండు అంతస్తులు. నాలిక బయటపెట్టి పైకెక్కి చూస్తే మోటారు గది గుమ్మంలో తాత కూర్చుని ఉన్నాడు.

తాత కూర్చుని ఉన్నాడు!

"ఏంటి తాతా, కూర్చున్నావ్?"

"ఊరికే."

"నువ్వు ఊరికే కూర్చునే రకం కాదుగా."

"నోర్ముయ్యరా కోతీ. నీళ్ళున్నాయా?"

సీసా అందుకున్నాడు. చొక్కా చేతికి గుండీ లేదు. గుండీ ఉండాల్సిన చోట గుడ్డ కూడా లేదు. గదిలో గ్రీజు వాసన, మోటారు వేడి. తాళ్ళు చుట్టుకున్న పెద్ద ఇనప చక్రం కదలకుండా నిలబడుంది. ఏమీ ఎరగనట్టు.

"మెయిన్ స్విచ్ కట్టేశాననుకున్నాన్రా," అన్నాడు తాత, చక్రాన్ని చూస్తూ. "కట్టెయ్యలేదు."

ఐదో అంతస్తులో ఎవరో మీట నొక్కారు. చక్రం గిర్రున తిరిగింది. తాత చెయ్యి అప్పటికే లోపలుంది. చక్రం గుండీ తీసుకుని వేళ్ళు వదిలేసింది.

నాకు జోకు వెయ్యాలనిపించలేదు. అది నా ఒంటికి కొత్త.

"నలభై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఈ నెల్లోనే ఇది రెండోసారి," అన్నాడు. "నా చెయ్యి పోతే పోనీరా. రేపు జనం లోపలుండగా బ్రేకు సరిగ్గా బిగించడం మర్చిపోయాననుకో?"

"మానెయ్ తాతా."

"శనివారంలోగా ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమని ఆఫీసులో కాయితం ఇచ్చారు."

"పెట్టకు. అయిపోయిందిగా?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "అంత తేలికేంట్రా? అడగాలి కదా."

బుధవారం సాయంత్రం అడగడానికి వెళ్ళాడు. నేను తలుపు చాటున ఉన్నాను. ఇలాంటివి నేను వదులుకోను. ముత్తాత మిషన్ తొక్కుతున్నాడు, ఒళ్ళో ఎవరిదో నల్ల ప్యాంటు. తాత పోయి పక్కన నిలబడ్డాడు. అక్కణ్ణుంచి కిటికీ దాకా వెళ్ళొచ్చి మళ్ళీ నిలబడ్డాడు.

"నాన్నా."

"ఊఁ."

"ఏం లేదు నాన్నా. ఈ లిఫ్టు పని..."

"ఊఁ?"

"బానే ఉంది."

"బాగుండక ఏమవుద్దిరా చిన్నోడా. ఇదిగో, ఈ సూదిలో దారం ఎక్కించు. నాకు కనబడి చావట్లేదు."

తాత వంగాడు. మోకాళ్ళు రెండూ టపటపా పలికాయి. దారం ఎక్కించి చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే ముత్తాత చొక్కా చివర పట్టుకున్నాడు.

"గుండీ ఏదిరా?"

"ఊడిపోయింది నాన్నా."

ముత్తాత ఆ చిరుగుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "విప్పి ఇయ్యి, కుట్టిపెడతా."

"రేపిస్తాలే."

వంటింట్లో నానమ్మ కాచుక్కూర్చుంది. ఆవిడకి మోకాళ్ళ సంగతి తెలుసు, చక్రం సంగతి తెలియదు.

"అడిగావా?"

"అడిగినట్టే."

"అడిగినట్టే అంటే?"

"దారం ఎక్కించా."

నానమ్మ తల కొట్టుకుంది. "పెళ్ళైన కొత్తలో, నన్ను ఒక్కసారి బయటికి తీసుకెళ్ళవయ్యా అంటే అడిగి చెప్తానన్నావ్. నలభై ఐదేళ్ళైంది. ఇంకా చెప్పలేదు."

గురువారం పొద్దున్న తాత పనికి బయల్దేరుతూ నన్ను మెట్ల దగ్గరికి లాగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక కాలి నుంచి ఇంకో కాలికి బరువు మార్చుకుంటున్నాడు.

"ఒరే, మధ్యలో ఆగకుండా నేరుగా పై అంతస్తుకి వెళ్ళాలి. నువ్వెళ్ళి తాతమ్మకి చెప్పు. ఆవిడ సరేనంటే మా నాన్న కాదన్లేడు. మోకాళ్ళు బాలేవు, చిన్నోడు పని మానేస్తానంటున్నాడని చెప్పు. అంతే. నీ సొంత కవిత్వం కలపకు."

నేను కలపలేదు. అదే నా తప్పు. ఆయన చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను. ముత్తాత స్నానానికి వెళ్ళిన సమయం చూసి తాతమ్మ చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

"తాతమ్మా! మోకాళ్ళు బాలేవట! చిన్నోడు పని మానేస్తాడట!"

ఆవిడ పాలపొర కమ్మిన కళ్ళు నా వైపు తిప్పింది. పళ్ళు లేని నోరు నెమ్మదిగా విచ్చుకుంది.

"మానేస్తానన్నాడా? వాడే అన్నాడా?"

"వాడే అన్నాడు."

"ఎన్నాళ్ళ బట్టో చెబుదామనుకుంటున్నా. పొద్దస్తమానం ఆ కాలు ఆడించడం ఏంటి, మోకాళ్ళు ఏం కావాలి? సరే అన్నానని చెప్పు. ఆ మిషన్ అటకెక్కించెయ్యండి."

మిషన్ అన్న మాట చెవిన పడగానే నాకు అర్థమైంది. తాత నోట్లో చిన్నోడంటే ఒకడు, తాతమ్మ చెవిలో చిన్నోడంటే ఇంకొకడు. "చిన్నోడు కాదు తాతమ్మా, చిన్నోడి కొడుకు" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ముత్తాత మొహం ఎలా మారుతుందో కళ్ళ ముందు కనబడింది. ఒక్క పూట చూద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాను.

ముత్తాత తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఒరే చిన్నోడా, ఇలా రా," అంది తాతమ్మ. "మానేస్తానన్నావట. మంచిది, మానెయ్."

"నేనెప్పుడన్నానే అమ్మా?"

"అదే, అన్నావట."

"అన్లేదే!"

"సిగ్గుపడకురా. ఎనభై దాటాక ఎవరైనా అలిసిపోతారు."

ఎనభై ఐదేళ్ళ మనిషి తువ్వాలు భుజాన వేసుకుని తల వంచాడు. తల్లికి ఎదురు చెప్పడం ఆయనెప్పుడూ నేర్చుకోలేదు. ఈ వయసులో ఎక్కడ మొదలుపెడతాడు? నాన్నా నేనూ మిషన్ తల విప్పి అటక మీద పెట్టాం. కాళ్ళూ, చక్రమూ, పెడలూ ఉన్న కింది భాగం బరువని గదిలోనే వదిలేశాం. నాన్న నా వైపు అనుమానంగా చూశాడు. నేను దుమ్ముకి తుమ్ముతున్నట్టు నటించాను.

ఆ పూట నవ్వుకున్నాను. శుక్రవారం నవ్వు రాలేదు.

ముత్తాత ఎప్పటిలాగే పొద్దున్నే తన కుర్చీలో కూర్చున్నాడు. ముందు మిషన్ తల లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు, తీశాడు, కుర్చీ చేతుల మీద పెట్టాడు. కాసేపటికి కాళ్ళు వాటంతట అవే పెడల్ మీదకి వెళ్ళాయి. తల లేని మిషన్‌ని తొక్కడం మొదలుపెట్టాడు. కింద చక్రం తిరుగుతోంది, పైన ఏమీ లేదు. టకటక, టకటక. మధ్యాహ్నం దాకా అలాగే. పక్కింటామె ప్యాంటు కోసం వస్తే ఆవిడ వంక చూడకుండా, "మా అమ్మ మానిపించింది," అన్నాడు. బడి మానిపించిన పిల్లాడిలాగా.

తర్వాత లేచి కిటికీ దాకా వెళ్ళాడు. వెనక్కొచ్చాడు. వంటింటి గడప దగ్గర ఆగాడు. మళ్ళీ కిటికీ. అప్పటిదాకా ఆ నడక తాత సొంతమనుకున్నాను. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

సాయంత్రం తాత ఇంటికొచ్చేసరికి గదిలో తండ్రి తిరుగుతున్నాడు. తండ్రి తిరుగుతుంటే కొడుకు నిలబడలేడు కదా, ఈయనా మొదలుపెట్టాడు. ఇద్దరూ ఎదురెదురుగా వచ్చినప్పుడల్లా తాత గోడకి ఒదిగి దారిస్తున్నాడు. నానమ్మ ఇద్దర్నీ చూసి, కళ్ళు మూసుకుని, వంటింటి తలుపు వేసుకుంది.

నేనింక ఆగలేకపోయాను. తాతని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి ఉన్నదంతా కక్కేశాను.

తిడతాడనుకున్నాను. ఒక్కటి పీకుతాడనీ అనుకున్నాను. ఆయన మెట్ల కమ్మీ పట్టుకుని కిందికి చూశాడు.

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"తమాషాగా ఉంటుందని..."

"మెయిన్ వేసి ఉందని తెలిసి కూడా ఊరుకునేవాడితో ఎవడు పని చేస్తాడ్రా?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

శనివారం పొద్దున్న తాత చిరిగిన చొక్కానే వేసుకున్నాడు. సంతకం పెట్టని కాయితం జేబులో ఉంది. తొమ్మిదింటికల్లా ఆఫీసుకి వెళ్ళాలి. ఎనిమిదైంది. కిటికీకీ గడపకీ మధ్య ఎన్నిసార్లు తిరిగాడో. ముత్తాత కుర్చీలో ఉత్త పెడల్ తొక్కుతున్నాడు. ఎనిమిదింబావుకి తాత తాతమ్మ మంచం దగ్గర ఆగాడు.

"నానమ్మా," అన్నాడు.

మా తాత నోట నానమ్మ అన్న మాట వింటే నాకెప్పుడూ నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు.

చెవి దగ్గరికి వంగబోయాడు. మోకాళ్ళు టప్పుమన్నాయి, వంగలేదు, కూలాయి. మంచం అంచు మీద దబ్బున కూలబడ్డాడు. తాతమ్మ ఉలిక్కిపడి చెయ్యి చాచింది. ఆ చెయ్యి ఆయన మోకాలి మీద పడింది. అటూ ఇటూ తడిమింది. వాచిన ఎముక, దాని పక్క గుంట.

"ఎవరీ ముసలాయన?" అంది.

"నేనే నానమ్మా. చిన్నోడి కొడుకుని."

"వాడికి ఇలాంటి మోకాలెందుకుంటుంది? వాడు పిల్లాడు." మళ్ళీ తడిమింది. మోకాలి నుంచి చెయ్యి, చెయ్యి నుంచి మెడ, బుగ్గలు, నెరిసిన మీసం. మీసం దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. తర్వాత గది దద్దరిల్లేలా అరిచింది. "చిన్నోడా! నీ కొడుకు ముసలాడైపోయాడురా! నాకెవరూ చెప్పలేదేం?"

పెడల్ ఆగింది.

"నాకూ ఎవరూ చెప్పలేదే అమ్మా," అన్నాడు ముత్తాత.

తాత మొహం చూడాలి. అరవై ఆరేళ్ళొచ్చాక మొదటిసారి ఒకరు ఆయన్ని ముసలాడన్నారు. మెడలో దండ వేసినట్టు సిగ్గుపడిపోయాడు. వెంటనే తండ్రి ముందు కూర్చున్నానని గుర్తొచ్చి, మంచం పట్టుకుని లేవబోయాడు.

ముత్తాత ముందే లేచాడు. తన చేతుల కుర్చీని నేల మీద గీరుకుంటూ తోసుకొచ్చి కొడుకు ముందు పెట్టాడు.

"ఇందులో కూర్చో."

"వద్దు నాన్నా, నువ్వు..."

"కూర్చోమంటున్నానా!"

కూర్చున్నాడు. అంచు మీద, పరీక్ష రాసేవాడిలాగా.

ముత్తాత ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "ఊడిన గుండీకి దారప్పోగులు వేలాడతాయి. దీనికి గుడ్డే లేదు. ఏదో లాగేసింది. బుధవారమే చూశా. ఏంటో నువ్వే చెప్తావని ఆగా. ఏంట్రా అది?"

తాత చెప్పాడు. చక్రం, మెయిన్, ఐదో అంతస్తు మీట, నెల్లో రెండుసార్లు, తాతమ్మకి నాతో పంపిన కబురు కూడా. చెబుతున్నంతసేపూ మడమ నేలని కొడుతూనే ఉంది. వంటింటి గుమ్మంలో నానమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాతో చెప్పలేదేంరా?"

"ఎప్పుడొచ్చినా దారం ఎక్కించమంటావు నాన్నా."

మేమందరం మామూలు జవాబు కోసం చూస్తున్నాం, అడిగి చెప్తా అని. ముత్తాత తల్లి వంక చూశాడు, కొడుకు వంక చూశాడు.

"మానెయ్," అన్నాడు.

మా ఇంట్లో అంత పొట్టి జవాబు నేనెప్పుడూ వినలేదు. అన్నాక ఆయనకే భయమేసినట్టుంది. "అమ్మా, మానేయమన్నా," అని అరిచాడు.

"ఎవర్ని?"

"నా చిన్నోణ్ణి."

"మరి నా చిన్నోడు?"

"నీ చిన్నోడు అసలు అననే లేదే అమ్మా! ఈ కోతే తప్పు చెప్పాడు!"

తాతమ్మ కాసేపు నోరు కదిపింది. మాటని నమిలి చూస్తున్నట్టు. "అయితే ఈ కోతిని అటకెక్కించండి," అంది.

ఎక్కాను. మిషన్ తల దించడానికి.

తాత తొమ్మిదింటికల్లా ఆఫీసుకి వెళ్ళాడు. తోడు నేనూ వెళ్ళాను. గుమస్తా కాయితం చూసి, "ఇంత అనుభవం ఉన్నవాళ్ళు దొరకరండీ. మళ్ళీ ఓసారి ఇంట్లో అడిగి చెప్పండి," అన్నాడు.

"అడిగేశా," అన్నాడు తాత. మోటారు గదుల తాళం చెవులు బల్ల మీద పెట్టాడు. బయటికొచ్చాక జేబు తడుముకున్నాడు, తాళం చెవుల బరువు లేదని. వీధి చివర దాకా వెళ్ళేలోపు నాలుగుసార్లు తడుముకున్నాడు.

ఇప్పుడు ముందు గదిలో చేతుల కుర్చీలు రెండు. రెండోది నాన్న కొన్నాడు. ఎవర్నీ అడగలేదు. దాంట్లో తాత కూర్చుంటాడు, లేస్తాడు, కిటికీ దాకా వెళ్ళి ఎదురు మేడ వంక చూస్తాడు, వచ్చి కూర్చుంటాడు. నానమ్మ నిన్న మళ్ళీ అడిగింది, బయటికి ఎప్పుడు తీసుకెళ్తావని. అడిగి చెప్తానని నాలిక చివరిదాకా వచ్చినట్టుంది, మింగేసి చెప్పులేసుకున్నాడు.

ఈ పొద్దున ముత్తాత టీ తాగి గదిలోకొచ్చాడు. తాత మోకాళ్ళు వాటంతట అవే టప్పుమని లేవడం మొదలుపెట్టాయి. ముత్తాత అటు చూడనైనా చూడకుండా, సూది వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఒరే కోతీ, ఆ ముసలాయన్ని కూర్చోమనరా," అన్నాడు.

తాత కూర్చున్నాడు. ముత్తాత తొక్కడం మొదలుపెట్టాడు. టకటక, టకటక. కాసేపటికి చూస్తే తాత మడమ కూడా అదే జోరులో నేలని కొడుతోంది.